జాబితాలో మామయ్య పేరు లేదు

ప్రశ్న: సార్ గారికి నమస్కారం. మాది సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. కాలవ గట్టు పోరంబోకులో ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాం. మట్టి గోడలు, తాటాకు కప్పు. మా మామయ్యకు మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. తుపానుకు ముందు రోజు ఆటోకి మైకు కట్టి, అందరూ హైస్కూలుకు వెళ్ళిపోవాలని చెప్పారు. మాది చివరి వీధి, మా దాకా కబురు వచ్చేసరికి సాయంత్రమైంది. మా ఆయన, మరిది కలిసి మామయ్యను నులక మంచం మీద మోసుకెళ్ళారు. కింద గదుల్లోకి నీళ్ళొస్తాయని మేడ మీద ఉంచారు. మెట్లెక్కించడానికి నలుగురు పట్టారు. బాత్రూమేమో కింద ఉంది. మళ్ళీ మోయించాలని ఆయన ఆ రాత్రంతా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తెల్లారాక చుట్టాలింటికి తీసుకెళ్ళిపోయాం. వచ్చి చూస్తే కప్పు లేదు, రెండు గోడలు కూలాయి. క్యాంపులో ఉన్నవాళ్ళకు డబ్బులిచ్చారు, మేం మధ్యలో వెళ్ళిపోయామని మాకు ఇవ్వలేదు. ఇళ్ళు రాసుకోవడానికి వచ్చినవాళ్ళు, మనుషులు లేరని మా ఇల్లు వదిలేశారట. అడిగితే ‘గట్టు మీద ఇళ్ళకు రాదు’ అని ఒకరు, ‘లిస్టు పైకి వెళ్ళిపోయింది’ అని ఒకరు అంటున్నారు. ఎటూ అర్జీ పెడుతున్నారు కదా, చచ్చిన గేదె ఒకటి కూడా రాయించమని మా చిన్నాన్న సలహా. మా పక్కింటావిడ భర్త ఆ రోజే పడవ కట్టడానికి వెళ్ళి చనిపోయాడు. ఆమెకూ ఇంకా ఏమీ అందలేదు. మాలాంటివాళ్ళకు చట్టం ఏమైనా ఉందా, లేక ఇస్తే తీసుకోవడం, లేకపోతే ఊరుకోవడమేనా?
– ఒక కోడలు, కోస్తా ఆంధ్ర

సమాధానం: అమ్మా, మీ మామగారు ఆ రాత్రి మంచినీళ్ళు ముట్టలేదన్న చోట ఆగిపోయాను. ఆ తర్వాత మీరు రాసిన ఇల్లు, డబ్బు, గేదె అన్నీ చదివాను గానీ, మళ్ళీ మళ్ళీ ఆ మేడ మెట్ల దగ్గరికే వచ్చాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను పడినప్పుడు నేను రెవెన్యూలో చిన్న గుమాస్తాని. కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగి రోడ్లకడ్డంగా పడ్డాయి. నష్టం రాయడానికి ఊళ్ళోకి వెళ్ళి, ఒక కల్వర్టు మీద కూర్చుని, ఊరి పెద్ద ఒకాయన చెబుతుంటే రాశాను. ఆయన ఎవరి పేరు చెబితే వాళ్ళదే ఇల్లు పడిపోయినట్టు. పక్షం రోజుల తర్వాత ఒక ముసలావిడ చేతికర్ర పట్టుకుని ఆఫీసుకొచ్చింది. ఆమె పాక ఆ కల్వర్టుకి నూరు గజాలు కూడా ఉండదు, పుంత పక్కన. నేను లేచి వెళ్ళి చూడలేదు. ఆమె పెద్దాయన నోట్లో లేదు కాబట్టి నా కాగితంలోనూ లేదు. ఆ రోజుల్లో ఇదంతా ప్రభుత్వం ఇచ్చిన ఆర్డర్ల మీద నడిచే వ్యవహారం. నువ్వు చేయాల్సిన పని చేయలేదని నన్ను నిలదీయడానికి ఆమె చేతిలో చట్టం లేదు.

మీ చేతిలో ఉంది. ఒకటి కాదు, రెండు.

మొదటిది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. 2004 డిసెంబరు 26 సునామీ వచ్చిన మరుసటి ఏడు పార్లమెంటు చేసింది. ఢిల్లీలో ప్రధాని అధ్యక్షతన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, రాష్ట్రంలో ముఖ్యమంత్రి అధ్యక్షతన ఒకటి, జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఒకటి ఉండాలంది. అందులో 12వ సెక్షన్ మీలాంటివాళ్ళ కోసం. సహాయ శిబిరాల్లో నీడ, తిండి, నీళ్ళు, వైద్యం, మరుగుదొడ్లు కనీసం ఎలా ఉండాలో, వితంతువులకు, అనాథ పిల్లలకు ప్రత్యేకంగా ఏం చేయాలో, ప్రాణం పోయినా, ఇల్లు పోయినా, బతుకుతెరువు పోయినా ఎంతెంత సాయం ఇవ్వాలో జాతీయ సంస్థ నిర్ణయించాలి. 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం అంతకంటే పెంచవచ్చు గానీ తగ్గించకూడదు.

‘ఇస్తే తీసుకోవడమేనా’ అని అడిగారు. సరిగ్గా ఈ ప్రశ్నే సుప్రీంకోర్టులో వచ్చింది, కరోనా మరణాల విషయంలో. ఈ 12వ సెక్షన్‌లో ఉన్న మాటను ‘ఇవ్వవచ్చు’ అని చదువుకోవాలని కేంద్రం వాదించింది. 2021 జూన్ 30న కోర్టు ఒప్పుకోలేదు. అక్కడున్నది ‘ఇచ్చి తీరాలి’ అన్న అర్థమేనని, ఎంత ఇవ్వాలో మాత్రం జాతీయ సంస్థే నిర్ణయించుకోవాలని చెప్పింది. అలా వచ్చినవే ఒక్కో మరణానికి 50,000 రూపాయలు. మొత్తం చిన్నదనండి, కాదనను. కానీ కనీస సాయం దయాధర్మం కాదని ఆ రోజు తేలిపోయింది. రేపు కౌంటర్ దగ్గర ఎవరైనా ‘ప్రభుత్వం దయతలచి ఇస్తోందమ్మా’ అంటే మీరు వాదన పెట్టుకోనక్కర్లేదు, మనసులో ఈ తీర్పు ఉంచుకుంటే చాలు.

ఈ చట్టంలో ఒక లోటు కూడా ఉంది. 61వ సెక్షన్ సాయం ఇచ్చేటప్పుడు ఆడా మగా, కులం, వర్గం, వంశం, మతం అన్న తేడా చూపకూడదంటుంది. ఆ వరుసలో వయసు లేదు, వైకల్యం లేదు. మంచం దిగలేని మనిషి సంగతి 2005లో ఆ వాక్యం రాసినవాళ్ళకు తట్టలేదు కాబోలు.

ఆ లోటు పూడ్చింది రెండోది, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. మీకు బాగా పనికొచ్చేది అందులో 8వ సెక్షనే. ప్రకృతి విపత్తుల్లో దివ్యాంగులకు అందరితో సమానంగా రక్షణ, భద్రత ఉండాలి అంటుంది మొదటి భాగం. మూడో భాగం ఇంకా సూటిగా ఉంటుంది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ, అంటే మీ కలెక్టర్ గారు అధ్యక్షుడిగా ఉన్న సంస్థ, జిల్లాలో ఉన్న దివ్యాంగుల వివరాలతో రికార్డు పెట్టుకోవాలి. ప్రమాదం వచ్చేటప్పుడు ఆ సంగతి వాళ్ళకు తెలిసేలా ఏర్పాట్లు చేయాలి.

అంటే ఆటో మైకు మీ వీధికి ఆలస్యంగా రావడం ఒక్కటే కాదు తప్పు. కుడివైపు పడిపోయిన మనిషి ఫలానా వీధి చివర ఉన్నాడని, ఆయన్ని తరలించడానికి మనుషులు కావాలని, తుపాను బంగాళాఖాతంలో పుట్టకముందే ఒక రిజిస్టర్లో రాసి ఉండాలి. ఆ రిజిస్టర్ ఉంటే ఆయన్ని మేడ ఎక్కించాలా, ఇంకో చోటు చూడాలా అని కూడా ముందే ఆలోచించి ఉండేవారు. ఇక ఆ స్కూలు సంగతి. ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ దివ్యాంగులు వాడుకోగలిగేలా మార్చాలని ఇదే చట్టం 45వ సెక్షన్ చెప్పింది. నియమాలు 2017లో వచ్చాయి, వాటికి ఇచ్చిన అయిదేళ్ళ గడువు 2022లో దాటిపోయింది. విపత్తు పనుల్లో దివ్యాంగులను ఎలా కలుపుకుపోవాలో జాతీయ సంస్థ 2019లో మార్గదర్శకాలూ తెచ్చింది. 2016లో అది పెట్టిన కనీస ప్రమాణాల ప్రకారం శిబిరంలో మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు, తాగడానికి రోజుకు కనీసం మూడు లీటర్ల నీళ్ళు, 30 మందికొక మరుగుదొడ్డి ఉండాలి. మూడు లీటర్లు మీ మామగారికీ అక్కడ ఉండే ఉంటాయి. తాగితే దిగాలి, అదీ ఆయన భయం.

ఇక ఇల్లు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే ఎన్యూమరేషన్ కాగితం, అంటే ఇంటింటి నష్టం రాసుకునే కాగితం మీద ఒక్క మాట తేడాతో మీకు లక్ష రూపాయలు అటూ ఇటూ అవుతాయి.

రాష్ట్ర విపత్తు నిధి నుంచి ఎంత ఇవ్వాలో కేంద్రం కొన్నేళ్ళకోసారి లెక్క కడుతుంది. 2022–26 కాలానికి కట్టిన లెక్కలో, మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు. పక్కా ఇల్లయినా అంతే, కచ్చా ఇల్లయినా అంతే. అదే ‘గుడిసె’ అని రాస్తే 8,000. కచ్చా ఇల్లు కొంత భాగమే దెబ్బతింది అంటే 4,000. గుడిసె అంటే ఏమిటో కూడా ఆ కాగితంలోనే ఉంది: కచ్చా ఇంటికంటే తక్కువ స్థాయిది, తాత్కాలికంగా గడ్డితోనో మట్టితోనో ప్లాస్టిక్ పట్టాలతోనో వేసుకున్నది. మట్టి, తాటాకు అని చూడగానే చేయి ‘గుడిసె’ అని రాసేస్తుంది. నేనూ అలాగే రాసేవాణ్ణి, గడి చిన్నది, వాన పడుతోంది, ఇంకా నలభై ఇళ్ళున్నాయి.

మీది ఇరవై ఏళ్ళుగా నిలబడ్డ ఇల్లు. పునాది అరుగు ఉందా? ద్వారబంధాలు, తలుపులు ఉన్నాయా? గోడల మందం ఎంత? కరెంటు మీటర్ ఉందా? ఇవన్నీ ఉంటే అది తాత్కాలికంగా వేసుకున్న పాక కాదని, కచ్చా ఇల్లని మీరు అర్జీలో గట్టిగా రాయాలి. కూలిన గోడలు ఎత్తేయకముందే ఫోటోలు తీయండి. ఇప్పటికే ఎత్తేసి ఉంటే మట్టి కుప్ప, మిగిలిన గోడలు, ద్వారబంధం ఆనవాలు తీయండి. ఫోటోలో మీ మామగారో, మీరో కనిపించాలి, వెనక పక్కింటి గోడ కనిపించాలి. రేపు ‘ఇది ఎక్కడిదో’ అనకుండా.

‘గట్టు మీద ఇళ్ళకు రాదు’ అన్న మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. ఇంటి నష్టానికి సాయం కావాలంటే అది అధికారులు ధ్రువీకరించిన, అనుమతి ఉన్న నిర్మాణం అయి ఉండాలన్న షరతు ఆ లెక్కల్లో ఉంది. పోరంబోకులో ఉన్నవాళ్ళ మెడకు చుట్టుకునేది ఇదే. నన్నడిగితే ఇది తలకిందులు షరతు. గట్టు మీద ఇల్లు కట్టుకునేది వేరే చోటు లేనివాళ్ళే, నీళ్ళు ముందు వచ్చేదీ వాళ్ళ ఇంటికే. అయినా చేతులెత్తేయకండి. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఆ చిరునామాతో ఉన్న ఆధార్, ఓటరు కార్డు, బియ్యం కార్డు అన్నీ తీయండి. ఇవి స్థలం హక్కు పత్రాలు కావు. కానీ పంచాయతీ పన్ను కట్టించుకుని, కరెంటు ఇచ్చి, ఓటు ఇచ్చిన ఇంటిని ‘లేదు’ అనడం అధికారులకు కూడా ఇబ్బందే. ధ్రువీకరించాల్సింది రాష్ట్రం నియమించిన అధికారి కాబట్టి నిర్ణయం తహసీల్దార్, కలెక్టర్ స్థాయిలోనే జరగొచ్చు. వాళ్ళకు కారణం చూపించే బాధ్యత మనది. రాష్ట్రం తన సొమ్ము కలిపి ఎక్కువ ఇచ్చే సందర్భాలుంటాయి, దానికి ఆ తుపాను మీద వచ్చిన జీవో ఏమంటుందో సచివాలయంలో అడిగి చూసుకోండి.

క్యాంపు డబ్బు విషయంలో రెండు ముక్కలు కలగలిపేశారు. శిబిరంలో ఉన్నవాళ్ళకు పంచిన డబ్బు వేరు, ఇంటి నష్టం వేరు. ఇల్లు పడిపోయినదానికి మీరు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ప్రమాణం కాదు. ఇంకో విచిత్రం చెప్పనా, 2015–20 నాటి కేంద్రం లెక్కల్లో పెద్దవాళ్ళకు రోజుకు 60 రూపాయలు, పిల్లలకు 45 రూపాయలు సాయం అని ఒక పద్దు ఉండేది, అది శిబిరాల్లో లేని కుటుంబాలకే. శిబిరానికి రాకుండా నష్టపోయేవాళ్ళు ఉంటారని ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకే తట్టింది. ఇక మీరు శిబిరం ఎందుకు వదిలారో అర్జీలో దాచకండి. ‘పక్షవాతం ఉన్న మనిషిని మేడ మీద ఉంచి, మరుగుదొడ్డి కింద ఉండటం వల్ల వెళ్ళక తప్పలేదు’ అని రాయండి. అది మీ తప్పు ఒప్పుకోవడం కాదు, వాళ్ళ తప్పును రికార్డులోకి ఎక్కించడం.

‘లిస్టు పైకి వెళ్ళిపోయింది’ అన్న మాట నేనే ఎన్నోసార్లు అన్నాను కాబట్టి దాని అర్థం చెబుతాను: ‘మళ్ళీ రాయడం నాకు పని’ అని. వెళ్ళిన లిస్టుకు అనుబంధ జాబితా పంపడం ఎప్పుడూ ఉన్నదే. ముందు ఆ లిస్టు చూడండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద నకలు అడగండి. గ్రామ స్థాయి ఆఫీసులో దానికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎవరి పేర్లున్నాయో చూశాక మీ అర్జీకి పదును వస్తుంది.

గేదె. మీ చిన్నాన్నకు లెక్కలు బాగానే తెలుసు, 2022–26 లెక్కలో పాలిచ్చే గేదె పోతే 37,500 రూపాయలు. కానీ లేని గేదెను రాయిస్తే విపత్తు చట్టం 52వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు. అంతకంటే ముందు జరిగేది ఇంకొకటి ఉంది. ఒక్క అబద్ధం పట్టుబడితే మీ గోడలు, మీ మామగారి పక్షవాతం కూడా అబద్ధాల కిందే జమ అవుతాయి. పశువుల డాక్టరు చూడకుండా గేదె చావదు ప్రభుత్వ కాగితాల్లో. మీ చిన్నాన్న మాట వదిలేయండి.

మీ పక్కింటావిడ విషయం మీ ఇంటికంటే ముందు కదలాలి. విపత్తులో మరణానికి 2022–26 లెక్క ప్రకారం 4 లక్షల రూపాయలు. 2016 కనీస ప్రమాణాల్లో ఇంకా ఉంది: భర్త విపత్తులో పోయాడని జిల్లా యంత్రాంగం ఆమెకు 15 రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలి, 45 రోజుల్లో ఆర్థిక సాయం అందేలా చూడాలి. పోలీసు స్టేషన్లో కేసు నమోదైందా, పంచనామా, పోస్టుమార్టం అయ్యాయా అడగండి. పడవ కడుతూ పోయాడంటే ‘ప్రమాదవశాత్తు నీళ్ళలో పడి’ అని ఒక లైను రాసి ఊరుకుంటారు. తుపాను హెచ్చరిక ఉన్న రోజున, ఆ గాలికి పడవ కొట్టుకుపోకుండా కడుతుంటే అని ఆ కాగితంలో ఉండాలి. అది లేకపోతే రేపు విపత్తు మరణం కాదంటారు.

ఎక్కడికి వెళ్ళాలి? ముందు అర్జీ తహసీల్దార్‌కు, నకలు కలెక్టర్‌కు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో స్వయంగా ఇస్తే నంబరు పడుతుంది. రసీదు లేకుండా కాగితం ఎవరి చేతిలోనూ పెట్టకండి. కదలిక లేకపోతే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు రాయండి. మనుషుల్ని, రికార్డుల్ని పిలిపించుకునే అధికారం ఆయనకుంది, ఆయన సిఫార్సు చేస్తే ఏం చేశారో మూడు నెలల్లో ఆ అధికారులు చెప్పాలి. మామూలు సివిల్ కోర్టుకు వెళ్ళి డబ్బు తగలేయకండి. విపత్తు చట్టం 71వ సెక్షన్ ఆ తలుపు మూసేసింది, హైకోర్టో సుప్రీంకోర్టో వినాలి. హైకోర్టు అనగానే గుండె జారిపోవద్దు. 1987 న్యాయ సేవల చట్టం వరద, తుపానులాంటి విపత్తు బాధితులకు ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. మీరు స్త్రీ, మీ మామగారు దివ్యాంగుడు, ఆ లెక్కన కూడా అర్హులే. 15100కు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని కోర్టులో న్యాయ సేవా కమిటీ ఎక్కడుందో అడగండి.

విధి నిర్వహించని అధికారికి ఏడాది దాకా శిక్ష పడే 56వ సెక్షన్ కూడా విపత్తు చట్టంలో ఉంది. దాన్ని ఎవరో ఒకరు మీ చెవిలో వేస్తారు. కౌంటర్ దగ్గర ఆ మాట ఎత్తకండి. పై అనుమతి లేకుండా ఆ కేసు నడవదు, కింద కూర్చున్న ఉద్యోగి మాత్రం బిగుసుకుపోతాడు. మీకు కావాల్సింది ఆయన సంతకం.

ఒక పని ఈ వారమే చేయండి. మీ మామగారికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం, లేకపోతే స్లాట్ బుక్ చేయించండి. 8వ సెక్షన్ రికార్డుకు ఎక్కడానికి ఫలానా శాతం ఉండాలని చట్టం అనలేదు, కాగితం లేకపోతే ఆఫీసు మాత్రం కదలదు. అది చేతికొచ్చేదాకా ఆగకుండా, ఆసుపత్రి చీటీ జత చేసి అర్జీ పెట్టేయండి. కింద రాసింది చూసి రాసుకోవచ్చు. ఇంటి నష్టం అర్జీలో కలపకుండా దీన్ని వేరే కాగితం మీద రాయండి, రెండూ ఒకే ఫైల్లో పడితే ఒకటి మరుగున పడుతుంది.

‘కలెక్టర్ మరియు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ అధ్యక్షుల వారికి. మా మామగారు (పేరు, వయసు) పక్షవాతంతో నడవలేరు. ఇల్లు (గ్రామం, వీధి, కాలవ గట్టు, ఫలానా గుర్తు). దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 8(3) ప్రకారం వారి పేరు జిల్లా రికార్డులో చేర్చి, చేర్చినట్టు మాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కబురు ఈ ఫోన్ నంబరుకు (మీది, మీ ఆయనది) చెప్పగలరు. ఆయన్ని తరలించడానికి వాహనం, ఇద్దరు మనుషులు కావాలి. ఉంచే గది, మరుగుదొడ్డి ఒకే అంతస్తులో ఉండాలి. గత తుపానులో మేడ మీద ఉంచినందువల్ల ఆయన రాత్రంతా నీళ్ళు తాగకుండా గడిపారు.’

చివరి వాక్యం అవసరమా అని ఎవరైనా అంటారు. కొట్టేయనివ్వకండి.